ఒళ్ళో చాప

లలొమాను, ఉపోలు
8 జూన్ 1988, బుధవారం

సియేని అత్తకు,

కుశలప్రశ్నలు చివర్లో అడుగుతాను, ముందు అసలు సంగతి. మా ఆయన కిరిఫీకి వాళ్ళ ఇంటి పెద్దరికం ఇస్తున్నారు. మామగారి తమ్ముళ్ళందరూ ఆర్నెల్లు పోట్లాడుకుని, అలిగి, మళ్ళీ ఒక్కచోట కూర్చుని తిని, చివరికి కిరిఫీ పేరు ఖాయం చేశారు. పట్టం జూలై 12, మంగళవారం. ఆ రోజు ఊరి పెద్దల ముందు భార్య తరఫువాళ్ళు సన్నచాప పరిచి కానుకగా ఇవ్వాలి. నా తరఫున నువ్వొక్కదానివే ఉన్నావు. నాన్న పోయాక ఆకలేసినా అలకొచ్చినా నీ దగ్గరికే వచ్చేదాన్ని. ఇప్పుడు చాపకీ నీ దగ్గరికే వస్తున్నాను.

నా పెళ్ళికి నువ్వు రాలేదు. సముద్రం బాగా లేదన్నావు, సరే అన్నాను. మా పాప పెనీనా బాప్తిస్మానికీ రాలేదు. బస్సు పోయిందన్నావు, సరే అన్నాను. ఈసారి సరే అనను.

దారి రాస్తున్నాను, జాగ్రత్తగా చదువు. కోడి కూయకముందే మన పెసమీనో బస్సెక్కు. సలెలొలొంగా రేవులో పెద్ద ఓడ ఎక్కు, చిన్నది వద్దు, దాంట్లో ఆవుల పక్కన కూర్చోవాలి. ఇవతల ఒడ్డున దిగగానే అపియా బస్సు. అపియా బజారులో లలొమాను బస్సు మధ్యాహ్నం దాటితేగానీ కదలదు. పొద్దున బస్సులన్నీ ఊళ్ళ నుంచి పట్నానికొస్తాయి, పట్నం నుంచి ఊళ్ళకు ఒక్కటీ పోదు. కాబట్టి బజారులో కూర్చుని కోకో తాగు. బస్సు కదిలాక కూడా మనుషుల కోసం బజారు చుట్టూ నాలుగైదుసార్లు తిరుగుతుంది. ఎక్కిన చోటికే వచ్చిందని కంగారుపడి దిగిపోకు. వారం ముందే వచ్చెయ్.

నీ మోకాలు ఎలా ఉంది? పంది ఈనిందా?

నీ మేనకోడలు
వైయోలా


ఫలెలిమా, సవాయీ
15 జూన్

చిట్టీ వైయోలా,

నీ ఉత్తరం పెసమీనో నిన్న సాయంత్రం ఇచ్చాడు. ఇచ్చాడంటే, బస్సు ఆపకుండా కిటికీలోంచి విసిరాడు. పంది దాన్ని పసిగట్టేలోపు నేనే పరిగెత్తి అందుకున్నాను. మోకాలు బాగానే ఉందని దీన్నిబట్టి తెలుసుకో. కిరిఫీకి పట్టం అని చదివి ఎంత గట్టిగా అరిచానంటే, ఎవరో పోయారనుకుని పక్కింటివాళ్ళు పరామర్శకొచ్చారు.

సంతోషం అయింది. ఇక కోపం. నాకు దారి చెప్తావా? నేను పుట్టేనాటికి ఈ దీవి చుట్టూ రోడ్డే లేదు. మా అమ్మ నన్ను చంకనేసుకుని లావా రాళ్ళ మీద నడిచేది. బజారు చుట్టూ బస్సు తిరిగితే దిగిపోయేదాన్లా కనిపిస్తున్నానా?

నువ్వు పట్నమున్న దీవిలో కాపురం చేసి మన బస్సు సంగతి మర్చిపోయావు. ఈకలు అయిపోయాయి, ఎప్పట్నుంచో అల్లుతున్న చాప అంచుకు ఎర్ర ఈకలు కావాలి కదా అని పోయిన శుక్రవారం అపియాకి బయల్దేరాను. బస్సు నిండా మగాళ్ళు. ఊళ్ళో మగాళ్ళలో సగంమంది నాకు వరసకు అన్నదమ్ములేనాయె. నేను మెట్టు మీద కాలు పెట్టగానే పెసమీనో పాట కట్టేశాడు, అక్కాచెల్లెళ్ళు వినే పాట కాదు గనక. కుర్రాళ్ళు ఉసూరుమన్నారు. ఒకడు లేచి చోటిచ్చాడు. చోటిచ్చినవాడు ఎక్కడ కూర్చోవాలి? బస్సులో నిలబడటం మన ఆచారం కాదు, ఎవరో ఒకరి ఒళ్ళో కూర్చోవాల్సిందే. వాడు వెనక్కెళ్ళి ఇంకొకడి ఒళ్ళో కూర్చున్నాడు. నా పక్కన మిగిలినవాడూ నాకు తమ్ముడే. అక్క పక్కన ఎలా కూర్చుంటాడు? వాడూ లేచాడు. ముందు సీటువాడూ లేచాడు. చివరికి ముందు సగం ఖాళీ, వెనక సగంలో ఒక్కో సీటుకి ఆరుగురు. వెనక టైరు కుంగి ఒక్క కొబ్బరికాయ ఎత్తు కూడా మిగల్లేదు. పెసమీనో దిగి టైరు చూసి, నన్ను చూసి, ఆకాశం చూసి నిలబడ్డాడు. నేను అక్కను, నోరెత్తలేడు పాపం. నేనే దిగిపోయాను.

చాప అవుతోంది. మొగలి ఆకు ఈసారి మంచిది దొరికింది. నువ్వు నేర్చుకోకుండా పారిపోయిన పని ఇది, నీకు చెప్పినా అర్థం కాదు. నీ అల్లిక నాకింకా గుర్తే, ఇసకలో పీత నడిచినట్టు ఉండేది.

పంది ఈనలేదు. అది ఒట్టి బలుపు.

దేవుడు నిన్ను చల్లగా చూడాలి.
సియేని


లలొమాను
22 జూన్

అత్తా,

నీ ఉత్తరాన్ని ఓడలో చేపల బుట్ట కింద పెట్టినట్టున్నారు. సగం చదివాను, మిగతా సగం వాసన చూసి అర్థం చేసుకున్నాను. బస్సు కథకు నవ్వొచ్చింది. నవ్వాక ఏడుపొచ్చింది. ప్రతిసారీ నీ దగ్గర ఒక కథ ఉంటుంది, నా దగ్గర ఒక ఖాళీ చోటు ఉంటుంది.

ఆ ఖాళీ చోటు ఎలా ఉంటుందో చెప్తా విను. నిన్న పట్టం రోజు వంటల మాట వచ్చింది. ఊరి ఆడవాళ్ళంతా కూర్చున్నారు. అందరి ముందూ మా అత్తగారు లూసె ఏమందో తెలుసా? "సవాయీవాళ్ళ వాటా ఎప్పట్లాగే పక్కన తీసి పెట్టండి. వాళ్ళు ఎప్పుడు దిగుతారో ఏమో." ఇద్దరు ముగ్గురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నా పెళ్ళిలోనూ ఆవిడ ఇదే పని చేసింది. పంది కాలూ చేమదుంపలూ ఆకులో చుట్టి స్తంభం పక్కన పెట్టించింది. మర్నాటిదాకా అది అక్కడే ఉంది. దాన్ని చూసినవాళ్ళంతా తలతిప్పి నన్ను చూశారు. బాప్తిస్మం రోజూ అదే ఆకు, అదే స్తంభం. నోరు విప్పి తిట్టినా ఇంత బాధ ఉండేది కాదు.

అందుకని ఒక మాట చెప్తాను, కోప్పడకు. చాప బాగా చుట్టి, గుడ్డలో కట్టి, పెసమీనో చేతికిచ్చెయ్. ఓడలో వాళ్ళ బావమరిది ఉన్నాడు, ఇవతల మా బస్సతనికి అందిస్తాడు. చేమదుంపలు రావట్లేదా, కొబ్బరినూనె రావట్లేదా? చాప వస్తే చాలు, నా పరువు నిలుస్తుంది. నువ్వు రాలేకపోయినా పర్లేదు.

పెనీనా రోడ్డు మీద బస్సు కనిపిస్తే చాలు "అమ్మమ్మ" అని అరుస్తోంది. ఎవరు నేర్పారో తెలీదు. నేను నేర్పలేదు.

వైయోలా


ఫలెలిమా
29 జూన్

వైయోలాకు,

నేను రాలేకపోయినా పర్లేదా? చదివాను. మా పాస్టరుగారి అమ్మాయితో ఇంకోసారి చదివించుకున్నాను, నేనేమైనా పొరపడ్డానేమోనని. పొరపడలేదు. చాప కావాలి, చాప తెచ్చే ముసలిది అక్కర్లేదు. బావుంది.

సన్నచాప బస్సు టాపు మీద చేమదుంపల బస్తాల్లో రాదమ్మా. పందులతో రాదు. బావమరుదుల చేతులు మారి రాదు. మా అమ్మ చాప ఈ ఊరికొచ్చినప్పుడు పడవలో నలుగురు తెడ్లు వేస్తుంటే ఆవిడ దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వాన వస్తే మీద పడుకుంది. చాప ఇంటిమనిషి ఒళ్ళో వస్తుంది, ఇంటిమనిషి చేత్తో విప్పుతుంది, లేకపోతే అది ఒట్టి ఆకు. ఇది నీకు చిన్నప్పుడే చెప్పాను. అప్పుడు నీ బుర్ర ఎక్కడుందో.

అయినా మొన్న సోమవారం బయల్దేరాను. బయల్దేరలేదని అనకు. చాప ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను. పాస్టరుగారి భార్య పందిని తోలుకుని ఎక్కింది. సగం దారిలో అది తాడు తెంచుకుని కిటికీలోంచి దూకింది. మన కిటికీలకు అద్దాలు లేవు కదా. పాస్టరుగారి పందిని వదిలేసి పోతే బాగోదు. బస్సంతా దిగి కొబ్బరితోటలో వెతికాం. దొరికేసరికి ఓడ వెళ్ళిపోయింది. ఇక చేసేది లేక ఇంటికొచ్చేశాను. ఇదీ నా తప్పేనా?

వస్తాను. ఏ రోజని అడక్కు. నువ్వు మాత్రం నాకోసం రావద్దు, నన్నెవరూ చెయ్యి పట్టుకుని నడిపించనక్కర్లేదు. మీ అత్తగారికి చెప్పు, ఆకులో చుట్టిన పంది కాలుకి నేను ఆశపడనని.

సియేని


లలొమాను
5 జూలై

అత్తా,

ఈసారి పందా?

పట్టానికి వారమే ఉంది. ఇక నీ కథలు నాకొద్దు. శనివారం పొద్దుటి పెద్ద ఓడకు నేనే వస్తున్నాను. నిన్నూ చాపనూ రెంటినీ తీసుకుని సోమవారం తిరిగొస్తాను. ఆదివారం ఎలాగూ బస్సులు తిరగవు, నీతో కలిసి గుడికొస్తాను. "నువ్వు రాలేకపోయినా" అన్న మాటకి నువ్వు ఇంత అర్థం తీస్తావనుకోలేదు. దాని గురించి ఎదురుగా కూర్చుని పోట్లాడుకుందాం.

ఇల్లు కదలకు. ఇల్లు కదలకు అని మళ్ళీ రాస్తున్నాను.

వైయోలా


లలొమాను
10 జూలై, ఆదివారం

వైయోలా,

నీ ఇంట్లో, నీ చాప మీద కూర్చుని, నీ కలంతో నీకు రాస్తున్నాను. నువ్వేమో నా ఇంట్లో ఉన్నావట. ఇంతకంటే సిగ్గుచేటు నా బతుకులో లేదు.

శనివారం ఎవరికీ చెప్పకుండా, పెసమీనోకి కూడా తెలీకుండా పక్కూరి బస్సెక్కి బయల్దేరాను. చిన్న ఓడే ఎక్కాను, నువ్వు వద్దన్నావు కాబట్టి. ఆవు నా భుజం మీది గుడ్డని దారంతా నమిలింది. బజారులో కోకో తాగాను. బస్సు నాలుగుసార్లు కాదు, ఏడుసార్లు తిరిగింది. నేను దిగలేదు. సాయంత్రం మీ ఇంటి ముందు దిగి "వైయోలా!" అని కేక వేస్తే కిరిఫీ బయటికొచ్చి నిలువుగుడ్లేశాడు. "అత్తా, మీరిక్కడేంటి? తను మీకోసం సవాయీ వెళ్ళింది కదా! ఉత్తరం అందలేదా?" అన్నాడు. ఏ ఉత్తరం? నాకే ఉత్తరమూ రాలేదు. రావద్దని రాస్తే వచ్చే పిల్ల నువ్వొక్కదానివే.

నీ కూతురు నన్ను చూసి ఏడుస్తుందనుకున్నాను. తిన్నగా వచ్చి ఒళ్ళో కూర్చోబోయింది. చాప ఉందని ఒక మోకాలి మీద దాన్ని, ఒక మోకాలి మీద చాపని పెట్టుకున్నాను. మోకాలు నొప్పి. అయినా దింపలేదు.

ఇప్పుడు మీ అత్తగారి సంగతి. ఆవిడతో పోట్లాడాలని అపియా నుంచి మాటలు కూడబలుక్కుంటూ వచ్చాను. ఆవిడ నన్ను స్తంభం దగ్గర కూర్చోబెట్టి ఆకు విప్పింది. వేడి చేపా, కొబ్బరిపాలలో ఉడికిన చేమాకూ. "కోడలు మీకోసం వెళ్ళినా, మీరే ఏ ఓడకైనా దిగుతారేమోనని తీసిపెట్టాను వదినా," అంది. ఇక నేను ఊరుకుంటానా? "ఎందుకమ్మా ఈ ఎత్తిపొడుపు? మా పిల్ల ఈ ఆకు చూసి ఎన్నిసార్లు ఏడ్చిందో తెలుసా?" అన్నాను.

ఆవిడ తెల్లబోయింది. చేతిలో విసనకర్ర కింద పెట్టింది. తర్వాత అంది: "మాది మనోనో, వదినా. ఆ చిన్న దీవికి ఇప్పటికీ ఓడ లేదు, పడవే. నా పెళ్ళికి మా వాళ్ళు మర్నాడు దిగారు. అప్పటికి ఒక్క దుంప ముక్క మిగల్లేదు. మా నాన్న ఆకలితో కూర్చుని, తిన్నానని అబద్ధం చెప్పాడు. మా ఇంటికొచ్చిన కోడలి పుట్టింటివాళ్ళకి ఆ గతి పట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను. అది ఎత్తిపొడుపా?"

తలొంచుకుని తిన్నాను. చేప బాగుంది. ఆవిడ మాట మాత్రం లావా రాయిలా గరుకుగా ఉంటుంది, నువ్వు అపార్థం చేసుకున్నా నీ తప్పు లేదు.

ఈ ఉత్తరం అందగానే మొదటి బస్సెక్కి వచ్చెయ్. చాప నాతోనే ఉంది. నేను ఇక్కణ్ణుంచి అంగుళం కదలను.

సియేని


ఫలెలిమా
11 జూలై, సోమవారం

అత్తా,

ముందు కోపం తీర్చుకోనీ. శనివారం నేను పెద్ద ఓడలో వస్తుంటే ఎదురుగా చిన్న ఓడ పోయింది. ఒళ్ళో పెద్ద మూట పెట్టుకుని, ఆవు పక్కన, ఎండలో నిటారుగా కూర్చున్న ఒక ముసలావిణ్ణి చూశాను. "పాపం, ఎవరి అమ్మో, ఇంట్లోవాళ్ళకి బుద్ధి లేదు," అని పక్కావిడతో అన్నాను కూడా. ఆ బుద్ధిలేనిదాన్ని నేనేనని తెలీలేదు.

రేవులో పెసమీనో బాబాయి నన్ను చూసి, "భలే దొరికావు, మీ అత్తకో ఉత్తరం ఉంది," అని అద్దం మీద ఎండ తగలకుండా దోపుకున్న కవరు తీసి నా చేతికిచ్చాడు. నేను రాసిన ఉత్తరమే. గురువారం నుంచి అక్కడే ఉందట. "ఇవ్వాలనే అనుకున్నా, ఎండకి అది భలే అడ్డంగా ఉంది," అన్నాడు. అరిచాను. బస్సులో వాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వుదునేమో, పట్టం మంగళవారం కాకపోయుంటే.

దారిలో పంది సంగతి అడిగాను. "పంది దూకింది నిజమే. కానీ అది పోయిన ఏడాది సంగతి," అన్నాడు. "మీ అత్త ఈ నెల రోజుల్లో నా బస్సెక్కింది ఒక్కసారే, ఈకల కోసం. ఆడలేనమ్మ మద్దెల ఓడు అందట. ఏదొచ్చినా నా బస్సు మీదే వేస్తుంది. నేను తమ్ముణ్ణి గనక పడుంటున్నాను." పోట్లాడాలని పళ్ళు నూరుకుంటూ ఇంటికొచ్చాను. నువ్వు లేవు.

ఇంట్లో చాప ఉంది అత్తా. నువ్వు అల్లుతున్న చాప. బల్ల మీద రాయి కింద, సగం కూడా కాకుండా. దాన్ని వెలుతురులో పెట్టి చూశాను. మొదటి జానెడు నీ చెయ్యే, నీళ్ళలా ఉంది. తర్వాత ఆకు దాటిపోయింది, విప్పినట్టుంది, మళ్ళీ అల్లినట్టుంది, మళ్ళీ విప్పినట్టుంది. ఒకేచోట ఎన్నిసార్లు విప్పావో, ఆకు నలిగి దూదైపోయింది. నా ఉత్తరం పాస్టరుగారి అమ్మాయితో ఎందుకు చదివించుకున్నావో అప్పుడు అర్థమైంది. నీకు కళ్ళు ఎప్పట్నుంచి కనిపించట్లేదు?

మరి నువ్వు ఒళ్ళో పెట్టుకుని వెళ్ళిన చాప ఏది? రాత్రి నీ పరుపు మీద పడుకున్నాను. నేల గట్టిగా తగిలింది. చిన్నప్పట్నుంచి ఆ పరుపు కింద ఏముంటుందో నాకు తెలుసు. నాయనమ్మ చాప. "నేను పోయినప్పుడు నన్ను దీంట్లోనే చుట్టండి," అని ప్రతి వర్షాకాలం బయటికి తీసి ఆరబెట్టి చెప్పేదానివి. దాన్ని తీసుకెళ్ళావా? తీసుకెళ్ళకూడదు. పరచకు. కిరిఫీకి పట్టం చాప లేకుండానే అవుతుంది, నా పరువు ఏ బస్సు కిందో పడనీ. నేను వచ్చేదాకా మూట విప్పకు.

వచ్చేదాకా అంటే ఎప్పుడో నాకూ తెలీదు. పొద్దున బస్సు దగ్గరికి వెళ్ళాను. మన వీధి చివర పెద్దాయన పోయాడు, శవపెట్టెను రేవు పక్క ఊరికి తీసుకెళ్తున్నారు. పెట్టె నడిమధ్యలో, చుట్టూ అయినవాళ్ళు, ఒళ్ళల్లో కూడా చోటు లేదు. అందులో సగంమంది నాకు అన్నలు. పెసమీనో బాబాయి నా వంక చూడకుండా, "ఉత్తరమైతే ఇయ్యమ్మా, ఉత్తరానికి చోటుంది. నీకు లేదు," అన్నాడు. ఈసారి అద్దానికి దోపనని శవపెట్టె మీద ఒట్టేయించుకున్నాను.

మూట విప్పకు అత్తా.

వైయోలా


లలొమాను
12 జూలై, మంగళవారం సాయంత్రం

వైయోలా,

నీ ఉత్తరం రాత్రే అందింది. కిరిఫీ చదివి వినిపించాడు. నా కళ్ళు బాగానే ఉన్నాయి. ఈసారి ఆకు మరీ సన్నంగా చీల్చారు, అంతే.

పొద్దున్నుంచి నీకోసం చూశాం. కిరిఫీ ఒంటికి నూనె రాసుకుని, మెడలో దండతో, పట్టానికి కూర్చోకుండా రోడ్డు మీదే నిలబడ్డాడు. మీ అత్తగారు వక్తల దగ్గరికి వెళ్ళి ఇంకాసేపు మాట్లాడమంది. వాళ్ళకి అది చెప్పనక్కర్లేదనుకో, సృష్టి మొదలు మొదలుపెట్టి ఎండ నడినెత్తికొచ్చేదాకా మాట్లాడారు. నువ్వు రాలేదు. తర్వాత ఇక ఆపలేకపోయారు.

నేను చాప విప్పాను. విప్పొద్దన్నావు, విన్నాను. అది నా చాప, నా ఇష్టం. సభ మధ్య దాన్ని చాచి పట్టుకుని, పెద్దల ముందు నుంచి నడిచాను. ఒక అంచు నేను పట్టుకున్నాను. రెండో అంచు నువ్వు పట్టుకోవాల్సింది. మీ అత్తగారు లేచొచ్చి పట్టుకుంది. ఎండలో అది మెరిసిందట, ఈకలు నిప్పుల్లా ఉన్నాయట. ఆవిడే నా చెవిలో చెప్పింది. నాకు ఎండ పొడకి సరిగా కనిపించలేదు. ఆడవాళ్ళందరూ ఒక్కసారిగా అరిచారు. నా జన్మలో అంత పెద్ద అరుపు వినలేదు. "ఎవరి చాప? ఎవరి చాప?" అని వెనకనుంచి ఎవరో అడిగితే మీ అత్తగారు కంచు గొంతుతో, "నా కోడలి పుట్టింటిది! సవాయీ నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చారు!" అంది. అది వినడానికి నువ్వు లేవు. అందుకే నాకు ఏడుపొచ్చింది, చాప గురించి కాదు.

చాప గురించి కూడా కొంచెం వచ్చిందనుకో. ఆచారం ప్రకారం పెద్ద వక్త దాన్ని కానుకగా మడిచి చంకలో పెట్టుకుని వెళ్ళిపోతుంటే గుండె కలుక్కుమంది. నలభై ఏళ్ళు దాని మీద పడుకున్నాను. కానీ ఆలోచించు. మట్టిలో పెట్టేదానికి అంత చాప ఎందుకు? మీ నాన్న ఉంటే అతను తెచ్చేవాడు. లేడు గనక నేను తెచ్చాను. నన్ను దుప్పట్లో చుట్టినా దేవుడు గుర్తుపడతాడు.

ఇంత చేసి, నువ్వు ఒక్కదానివీ అక్కడ ఏడుస్తూ కూర్చున్నావని నాకు ఇక్కడ నిద్ర పట్టదు. రేపు మొదటి బస్సుకి బయల్దేరుతున్నాను. ఈ ఉత్తరం పంపను, మీ అత్తగారి చేతికిస్తున్నాను. మన బస్సులూ ఓడలూ నాకు తెలుసు, నేను అక్కడ దిగేసరికి నువ్వు ఇక్కడుంటావు.

ఆకు చూడు. నీ వాటా తీసిపెట్టింది.

సియేని


లలొమాను
14 జూలై, గురువారం

అత్తా,

నువ్వన్నట్టే అయింది. మంగళవారం పెసమీనో బస్సు దొరికింది, రేవుకి చేరాను. ఎక్కుతుంటే బాబాయి నువ్వు ఆదివారం రాసిన ఉత్తరం ఇచ్చాడు. మా అత్తగారి మనోనో సంగతి చదివి, ఇన్నేళ్ళు ఆవిణ్ణి ఎన్ని మాటలనుకున్నానో తల్చుకుని, మొహం కప్పుకుని కూర్చున్నాను. రేవులో సముద్రం బాగా లేదని ఓడ ఆపేశారు. నా పెళ్ళినాడు నువ్వు చెప్పిన మాటే, అక్షరం తేడా లేదు. అప్పుడు నేను నిన్ను నమ్మలేదు. మంగళవారమంతా రేవు గోడ మీద కూర్చుని అవతల ఒడ్డు చూశాను. ఉపోలు కొండలు చేతికందేలా ఉన్నాయి. ఆ కొండల చివర నా భర్తకి పట్టం అవుతోంది, నువ్వు చాప విప్పుతున్నావు, నేను రాళ్ళు విసురుతున్నాను. అంత కోపం నాకెప్పుడూ రాలేదు. ఎవరి మీదో కూడా తెలీదు.

బుధవారం ఓడలో ఎదురోడ కోసం కళ్ళు కాయలు కాచేలా చూశాను. చిన్న ఓడ వచ్చింది. ఆవు పక్కనే కూర్చున్నావు, ఈసారి ఒళ్ళో ఏమీ లేదు. రెండు చేతులూ ఎత్తి "అత్తా!" అని అరిచాను. ఓడలో అందరూ నాతోపాటు అరిచారు. నువ్వు ఇటే చూశావు. నవ్వలేదు, చెయ్యి ఊపలేదు. పక్కావిణ్ణి ఏదో అడిగావు. ఇంకా నీ కళ్ళు బాగున్నాయని రాస్తావా?

ఇంటికొచ్చేసరికి ఊడ్చేసిన నేల, వాడిన దండలు. మా అత్తగారు నన్ను స్తంభం దగ్గర కూర్చోబెట్టి ఆకు విప్పింది. పంది కాలు, చల్లారిపోయింది. ఆఖరికి భోజనాలయ్యాక వచ్చిన సవాయీ మనిషిని నేనే అయ్యాను. తింటూ ఏడ్చాను. ఆవిడ విసనకర్రతో ఈగలు తోలుతూ కూర్చుంది. పెనీనా నువ్వెక్కడని అడిగి, లేవంటే నన్ను కొట్టింది.

ఇప్పుడు చెప్పేది ఎవరితోనైనా చదివించుకో, కానీ పూర్తిగా విను. కిరిఫీ అపియా ఆసుపత్రిలో కంటి డాక్టరుతో మాట్లాడాడు. శనివారం పొద్దుటి పెద్ద ఓడకి వచ్చి నిన్ను తీసుకెళ్తాను. ఇల్లు కదిలావంటే పెసమీనో బాబాయితో చెప్పి బస్సులో నీ తమ్ముళ్ళందరినీ ముందు సీట్లలో కూర్చోబెట్టిస్తాను.

ఇంకొకటి. సోమవారం బస్సులో చోటు దొరక్కపోతే ఏం చేశాననుకున్నావు? నీ బల్ల దగ్గర కూర్చుని చాప అల్లాను. నలిగిన ఆకు తీసేసి, అక్కణ్ణుంచి మొదలుపెట్టాను. పొద్దు గూకేసరికి నాలుగు వేళ్ళ వెడల్పు అయింది. నీ వేళ్ళతో తడిమి చూడు. ఎక్కడ పీత నడిచినట్టు తగులుతుందో అదంతా నాదే. విప్పావంటే ఊరుకోను. ఇకనుంచి వచ్చినప్పుడల్లా కాస్త కాస్త నేనే అల్లుతాను. అది నీ చాప. అది పూర్తయ్యేదాకా నువ్వు చావడానికి వీల్లేదు. నేనెంత నిదానంగా అల్లుతానో నీకు తెలుసు.

నీ మేనకోడలు
వైయోలా